సర్వేలో 10 శాతం, స్టేడియంలో 7 కోట్ల టికెట్లు: అమెరికాలో బేస్‌బాల్ ఆదరణను ఎలా లెక్కపెట్టాలి?

2025 నవంబర్ 1 రాత్రి టొరంటోలో బేస్‌బాల్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలలేదు. పదకొండో ఇన్నింగ్స్ దాకా సాగి, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఒక్క పరుగు తేడాతో బ్లూ జేస్‌ను ఓడించింది. అమెరికాలో సుమారు 2.7 కోట్ల మంది ఆ మ్యాచ్ చూశారు. అంతకు రెండేళ్ల ముందు, 2023 వరల్డ్ సిరీస్‌ను సగటున 91 లక్షల మందే చూశారు. టీవీ లెక్కలు ఉన్నంతవరకు వరల్డ్ సిరీస్‌కు అంత తక్కువ మంది ఎప్పుడూ లేరు.

ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టగానే "చచ్చిపోయిన ఆట లేచి కూర్చుంది" అనాలనిపిస్తుంది. కానీ అందులోనే మొదటి చిక్కు ఉంది. ఒకటి చివరి మ్యాచ్ లెక్క, రెండోది మొత్తం సిరీస్ సగటు. ఆఖరి మ్యాచ్‌కు ఎప్పుడూ ఎక్కువ మందే కూర్చుంటారు. సగటును సగటుతోనే పోలిస్తే 2025 సిరీస్ కూడా ఒకటిన్నర కోట్లు దాటింది. పెరుగుదల నిజమే, కానీ మూడింతలు కాదు. పైగా 2023లో ఆడినవి టెక్సస్, అరిజోనా జట్లు. 2025లో ఆడిన డాడ్జర్స్‌కు దేశమంతా అభిమానులున్నారు, జపాన్ నుంచి వచ్చిన షోహెయ్ ఒహ్తానీ ఉన్నాడు.

"బేస్‌బాల్ అమెరికా జాతీయ క్రీడ అంటారు కదా, మరి అక్కడివాళ్లే చూడరంటున్నారేమిటి?" అనే ప్రశ్నకు జవాబు వెతికితే ప్రతి దారిలోనూ ఇలాంటి అంకెల జతే ఎదురవుతుంది. ఒకటి పడిపోయిందంటుంది, రెండోది బాగానే ఉందంటుంది. నా ఉద్దేశంలో రెండూ నిజమే. అవి రెండు వేర్వేరు విషయాలను కొలుస్తున్నాయి.

## ముందు ఆట సంగతి, క్రికెట్ తెలిసినవాళ్ల కోసం

పిచర్ బంతి విసురుతాడు, నేలకు తగలకుండా వచ్చే ఆ బంతిని బ్యాటర్ కొడతాడు. కొట్టి బేస్ చేరితే హిట్; నాలుగు బేస్‌లనూ చుట్టి వస్తే ఒక పరుగు. కొట్టదగ్గ బంతిని వదిలేసినా, ఊపి తగలకపోయినా ఒక స్ట్రైక్. మూడు స్ట్రైక్‌లు పడితే ఔట్; అది స్ట్రైకౌట్. కొట్టడానికి వీలైన చోట కాకుండా నాలుగు బంతులు పక్కకు పడితే బ్యాటర్ ఊరికే నడుచుకుంటూ మొదటి బేస్‌కు పోవచ్చు, అది వాక్. బంతిని కంచె దాటిస్తే హోమ్‌రన్, మన సిక్సర్ లాంటిది. మూడు ఔట్లు పడగానే బ్యాటింగ్ చేతులు మారుతుంది. ఇలా తొమ్మిది ఇన్నింగ్స్.

ఈ ఆట పెద్ద లీగ్ పేరు మేజర్ లీగ్ బేస్‌బాల్, అంటే ఎంఎల్‌బీ. 30 జట్లలో 29 అమెరికావి, ఒకటి కెనడాలోని టొరంటోది. వరల్డ్ సిరీస్ అంటే ఈ లీగ్ ఫైనల్. ఏడు మ్యాచ్‌లలో నాలుగు గెలిచినవాళ్లకు కప్పు.

గుర్తుపెట్టుకోవాల్సిన అంకె 162. ఒక్కో జట్టు ఏడాదికి ఆడే మ్యాచ్‌లు అవి. మార్చి చివరి నుంచి సెప్టెంబర్ చివరి దాకా దాదాపు రోజూ ఆటే. ఐపీఎల్‌లో ఒక జట్టు లీగ్ దశలో ఆడేది 14. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో 17. (ఈ వ్యాసంలో ఫుట్‌బాల్ అంటే చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఆట. మనం ఫుట్‌బాల్ అనేదాన్ని వాళ్లు సాకర్ అంటారు.) తర్వాత వచ్చే ప్రతి లెక్కకూ ఈ 162 అడ్డం వస్తుంది.

## "మీకు చూడటానికి ఏ ఆట ఎక్కువ ఇష్టం?"

సర్వేలు చేసే గ్యాలప్ సంస్థ ఈ ప్రశ్నను 1937 నుంచి అడుగుతోంది. అప్పుడు 34 శాతం బేస్‌బాల్ అన్నారు. 1948లో 39 శాతం. 1960లో మళ్లీ 34 శాతం. ఫుట్‌బాల్‌కు 21 శాతం. బేస్‌బాల్ ముందున్న ఆఖరి సర్వే అదే. 1972 నాటికి ఫుట్‌బాల్ మొదటి స్థానానికి వచ్చేసింది, మళ్లీ దిగలేదు. 2017లో బేస్‌బాల్ 9 శాతంతో బాస్కెట్‌బాల్ కన్నా కిందికి జారింది. 2023 డిసెంబర్ సర్వేలో ఫుట్‌బాల్ 41, బేస్‌బాల్ 10, బాస్కెట్‌బాల్ 9.

ఇక్కడితో ఆగితే కథ చాలా సింపుల్: ఆట పడిపోయింది. అయితే ఈ ప్రశ్న ఒక్కటంటే ఒక్క పేరే చెప్పమంటుంది. మన ఇళ్లలో పిల్లల్ని ఏం తినడం ఇష్టమని అడగండి, బిర్యానీ అంటారు. పప్పన్నం అనే పిల్లవాడు దొరకడం కష్టం. కానీ వారంలో ఎక్కువ రోజులు ఆ ఇంటి పొయ్యి మీద ఉడికేది పప్పే. ఎన్ఎఫ్ఎల్ ఆదివారం బిర్యానీ లాంటిది: వారానికి ఒకసారి, అందరూ కలిసి కూర్చుని. బేస్‌బాల్ రోజువారీ భోజనం.

ఊరికే ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక ఆఫీసులో పది మంది. నలుగురు ఫుట్‌బాల్ అన్నారు, ఒకరు బేస్‌బాల్ అన్నారు, మిగతా ఐదుగురు ఏవేవో అన్నారు. సర్వేలో బేస్‌బాల్‌కు పది శాతం పడింది. జులై సెలవుల్లో బేస్‌బాల్ అన్నవారితో పాటు ఆ ఫుట్‌బాల్ నలుగురిలో ముగ్గురు కూడా పిల్లల్ని తీసుకుని బేస్‌బాల్ స్టేడియానికి వెళ్లారు. టికెట్ల లెక్కలో ఆ ఆఫీసు నుంచి బేస్‌బాల్‌కు నలుగురు పడ్డారు. సర్వే అబద్ధం చెప్పలేదు, టికెట్లూ చెప్పలేదు.

దీనికి ఎదురుగా నిలిచే వాదన కూడా గట్టిదే, దాన్ని దాటేయకూడదు. 1948లోనూ బేస్‌బాల్ రోజువారీ ఆటే. అప్పుడు ఒక్కో జట్టు 154 మ్యాచ్‌లు ఆడేది. ప్రశ్న అదే, ఆట అదే. అయినా అప్పుడు 39 శాతం మంది దాన్నే మొదటి పేరుగా చెప్పారు. కాబట్టి 39 నుంచి 10కి జారడం కేవలం ప్రశ్న తీరు వల్ల వచ్చిందంటే కుదరదు. మొదటి స్థానం పోయింది, అది నిజం. ఆ పోయినదాని వెనక ఎంత మిగిలిందన్నదే అసలు ప్రశ్న.

ప్యూ రిసెర్చ్ సెంటర్ 2023లో ఇంకో తరహాలో అడిగింది: "అమెరికా ఆట" అనదగినది ఏది? 53 శాతం ఫుట్‌బాల్ అన్నారు, 27 శాతం బేస్‌బాల్ అన్నారు. అంటే తమకు మొదటి ఇష్టం కాకపోయినా, దేశానికి గుర్తు ఏదంటే బేస్‌బాల్ పేరు చెప్పేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

## 1978 పజిల్

చిక్కు విప్పడానికి నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన సంవత్సరం 1978. ఆ ఏడాది న్యూయార్క్ యాంకీస్, డాడ్జర్స్ మధ్య జరిగిన వరల్డ్ సిరీస్‌ను సగటున 4.4 కోట్ల మంది చూశారు. అప్పటి అమెరికా జనాభా సుమారు 22 కోట్లు. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు. 2023లో 91 లక్షలు. జనాభా 33 కోట్లు దాటింది. ప్రతి 37 మందిలో ఒకరు.

ఇప్పుడు స్టేడియం వైపు చూడండి. 1978లో 26 జట్ల మ్యాచ్‌లకు నమోదైన హాజరు సుమారు 4.06 కోట్లు. జరిగిన మ్యాచ్‌లు దాదాపు 2,100. భాగిస్తే మ్యాచ్‌కు 19 వేల పైచిలుకు. 2023లో 30 జట్లు, 2,430 మ్యాచ్‌లు, 7.07 కోట్ల టికెట్లు. మ్యాచ్‌కు 29 వేలు.

టీవీ ముందు దేశంలో ఐదో వంతు కూర్చున్న ఏడాదిలో స్టేడియాల్లో చాలా సీట్లు ఖాళీగా ఉన్నాయి. టీవీ లెక్క అడుగంటిన ఏడాదిలో స్టేడియాలకు ఒక్కో మ్యాచ్‌కు పది వేల మంది ఎక్కువ వచ్చారు. ఇప్పటి లెక్క అమ్మిన టికెట్లది, గేటు దాటి లోపలికి వచ్చిన తలలది కాదు కాబట్టి కొంచెం తగ్గించుకుని చూడాలి. అలా తగ్గించినా తేడా మాయం కాదు.

ఎందుకిలా? 1978లో అమెరికన్ ఇంట్లో పెద్ద ఛానళ్లు మూడే. అక్టోబర్ రాత్రి వరల్డ్ సిరీస్ వస్తుంటే అభిమాని కానివాళ్లు కూడా చూశారు. ఇప్పుడు రిమోట్‌లో వందల ఛానళ్లు, ఫోన్‌లో అంతులేని వీడియోలు. ఇక స్టేడియాల సంగతి: 1992లో బాల్టిమోర్‌లో కామ్‌డెన్ యార్డ్స్ కట్టాక, ఊరి చివర పార్కింగ్ మైదానాల మధ్య ఉన్న సిమెంటు గిన్నెల్లాంటి స్టేడియాలను వదిలి, నగరం నడిబొడ్డున నడిచి వెళ్లగలిగే చోట కొత్తవి కట్టడం మొదలుపెట్టారు. వేసవి సాయంత్రం కుటుంబంతో వెళ్లి కూర్చునే చోటుగా స్టేడియం మారింది.

టికెట్ల లెక్కకూ ఎగుడుదిగుళ్లు ఉన్నాయి. రికార్డు 2007లో, 7.95 కోట్లు. 2019 నాటికి 6.85 కోట్లకు తగ్గింది, 2022లో 6.46 కోట్లు. తర్వాత మూడేళ్లూ 7 కోట్లు దాటాయి. 2007 శిఖరాన్ని మాత్రం ఇంకా అందుకోలేదు.

## ఫుట్‌బాల్ టీవీని ఎలా పట్టుకుంది

"అందరికీ వీక్షకులు తగ్గారు, బేస్‌బాల్‌కూ తగ్గారు" అనడానికి ఒక్కటే అడ్డు: ఎన్ఎఫ్ఎల్‌కు తగ్గలేదు. 2023లో అమెరికాలో ఎక్కువమంది చూసిన వంద టీవీ ప్రసారాల్లో 93 ఎన్ఎఫ్ఎల్ మ్యాచ్‌లే. ఆ సీజన్ మామూలు లీగ్ మ్యాచ్‌ను సగటున 1.79 కోట్ల మంది చూశారు. 2024లో డాడ్జర్స్, యాంకీస్ వంటి రెండు మహా జట్లు ఆడిన వరల్డ్ సిరీస్ సగటు 1.58 కోట్లు. అంటే వాళ్ల మామూలు ఆదివారం వీళ్ల ఫైనల్ కన్నా పెద్దది.

దీనికి మూలం 1961లో ఉంది. ఆ ఏడాది వచ్చిన చట్టంతో లీగ్‌లు తమ జట్ల ప్రసార హక్కులన్నీ ఒక మూటగా కట్టి అమ్ముకోవచ్చని తేలింది. ఎన్ఎఫ్ఎల్ ఆ పనే చేసింది, వచ్చిన డబ్బును జట్లన్నీ సమానంగా పంచుకున్నాయి. మ్యాచ్‌లు తక్కువ కాబట్టి ప్రతిదీ దేశమంతా చూసే సంఘటన అయింది. బేస్‌బాల్‌కు వేల మ్యాచ్‌లు. వాటిని దేశమంతటికీ చూపించే ఛానల్ ఎక్కడుంది? ఎవరి ఊళ్లో వాళ్లు, ఎవరి స్థానిక ఛానల్‌కు వాళ్లు అమ్ముకున్నారు. బోస్టన్ అభిమానికి బోస్టన్ జట్టులో ప్రతి ఆటగాడి బలమూ బలహీనతా తెలుసు. సియాటిల్‌లో ఎవరు బాగా ఆడుతున్నారో మాత్రం తెలియదు.

బేస్‌బాల్ జనాన్ని పోగొట్టుకున్నదానికన్నా ఎక్కువగా దేశాన్ని పోగొట్టుకుంది, ఊళ్లను నిలబెట్టుకుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట ఇదే. సర్వే దేశాన్ని కొలుస్తుంది, టికెట్ ఊరిని కొలుస్తుంది.

తనకు తాను చేసుకున్న నష్టాలూ ఉన్నాయి. 1971లో మొదటిసారి వరల్డ్ సిరీస్ మ్యాచ్‌ను రాత్రి పూట ఆడారు. ప్రకటనల డబ్బు బాగా వచ్చింది. 1987 తర్వాత పగటి పూట వరల్డ్ సిరీస్ మ్యాచ్ ఒక్కటీ లేదు. తూర్పు తీరంలో ఆట ముగిసేసరికి అర్ధరాత్రి. తెల్లారి బడికి పోవాల్సిన పిల్లలు నిద్రపోయి ఉంటారు. 2017లో వచ్చిన ఒక లెక్క ప్రకారం టీవీలో బేస్‌బాల్ చూసేవాళ్ల సగటు వయసు 57. ఎన్ఎఫ్ఎల్‌కు 50, బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏకు 42.

## 1994 గాయం

1994 ఆగస్టు 12న ఆటగాళ్లు సమ్మెకు దిగారు. జీతాలకు పరిమితి పెట్టాలని యజమానులు, కుదరదని ఆటగాళ్ల సంఘం. సమ్మె 232 రోజులు సాగింది. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ రద్దయింది. 1904 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. రెండు ప్రపంచ యుద్ధాలప్పుడు ఆగని సిరీస్ డబ్బు తగాదాతో ఆగిపోయింది. మామూలు అభిమాని దాన్ని అంత తేలిగ్గా క్షమించలేదు.

1998లో మార్క్ మెగ్వైర్ 70, సామీ సోసా 66 హోమ్‌రన్లు కొట్టారు. 1961 నుంచి నిలిచిన రోజర్ మారిస్ 61 రికార్డు చెదిరిపోయింది, స్టేడియాలు మళ్లీ నిండాయి. ఆ కండల వెనక ఉత్ప్రేరకాలున్నాయన్న సంగతి తర్వాత బయటపడింది. మెగ్వైర్ 2010లో ఒప్పుకున్నాడు. 2007 డిసెంబర్‌లో ఈ మందుల వాడకంపై వచ్చిన మిచెల్ విచారణ నివేదిక పదుల సంఖ్యలో ఆటగాళ్ల పేర్లు బయటపెట్టింది. అయితే ఒక విషయం గమనించాలి. టికెట్ల రికార్డు కూడా 2007దే. కుంభకోణం వల్ల నమ్మకం పోయిందని చెప్పొచ్చు, జనం రావడం మానేశారని చెప్పలేం.

## ఆట నెమ్మదించింది, గడియారం పెట్టారు

పైవాటిలో సగం ఆట బయట జరిగినవి. లోపల జరిగింది వేరే.

1970ల్లో ఒక మ్యాచ్ దాదాపు రెండున్నర గంటల్లో అయిపోయేది. 2021 నాటికి మూడు గంటల పది నిమిషాలు. పెరిగిన సమయంలో ఆట కూడా పెరిగి ఉంటే బాధ లేదు. పిచర్ బంతిని చేతిలో తిప్పుకుంటూ నిలబడతాడు, బ్యాటర్ గ్లవ్స్ పట్టీ విప్పి మళ్లీ బిగించుకుంటాడు. పెరిగినదంతా ఆ ఖాళీయే.

దీనికి తోడు లెక్కల శాస్త్రం వచ్చింది. కంప్యూటర్లతో విశ్లేషించి చూస్తే, వరసగా చిన్న షాట్లు కొట్టి పరుగులు చేయడం కన్నా హోమ్‌రన్ కోసం గట్టిగా ఊపడమే లాభమని తేలింది. ఊపితే కొన్నిసార్లు హోమ్‌రన్, చాలాసార్లు స్ట్రైకౌట్. పిచర్లు కూడా గంటకు 150 కిలోమీటర్ల పైన విసరడం మామూలైంది. బ్యాటర్ ఎటు కొడతాడో ముందే లెక్కగట్టి ఫీల్డర్లను అటే గుంపుగా నిలబెట్టారు. దాన్ని షిఫ్ట్ అంటారు. ఫలితం: 2018లో చరిత్రలో మొదటిసారి ఒక సీజన్‌లో హిట్‌ల కన్నా స్ట్రైకౌట్‌లు ఎక్కువయ్యాయి. హిట్‌లు 41,018, స్ట్రైకౌట్‌లు 41,207.

ఇందులో ఎవరి తప్పూ లేదు, అదే బాధాకరం. ప్రతి జట్టూ గెలవడానికి తెలివైన పనే చేసింది. అందరూ ఆ తెలివైన పని చేసేసరికి బంతి మైదానంలో పడి, ఫీల్డర్ పరిగెత్తి, రన్నర్ దుమ్ములో జారే దృశ్యం తగ్గిపోయింది. చూసేవాడు వచ్చింది దానికోసమే.

2023లో లీగ్ నిబంధనలు మార్చింది. బేస్‌ల మీద ఎవరూ లేకపోతే పిచర్ 15 సెకన్లలో, ఉంటే 20 సెకన్లలో బంతి వేయాలి. (మరుసటి ఏడాది 20ని 18 చేశారు.) ఆలస్యమైతే బ్యాటర్‌కు అనుకూలంగా ఒక 'బాల్', అంటే వాక్‌కు కావాల్సిన నాలుగు బంతుల్లో ఒకటి, లెక్కలో పడుతుంది. ఇన్‌ఫీల్డ్‌లో, అంటే బేస్‌ల దగ్గరి లోపలి మైదానంలో, షిఫ్ట్ నిషేధం. బేస్ పలకలు 15 అంగుళాల నుంచి 18కి పెరిగాయి. సగటు మ్యాచ్ సమయం ఒక్క ఏడాదిలో రెండు గంటల నలభై నిమిషాలకు దిగింది. బేస్ దొంగిలించడం, అంటే పిచర్ కళ్లుగప్పి రన్నర్ తర్వాతి బేస్‌కు దూకడం, 2022లో 2,486 సార్లు జరిగితే 2023లో 3,503 సార్లు జరిగింది.

టికెట్లు పెరగడానికి గడియారమే కారణమా? ఔననేవాళ్లు 2022, 2023 అంకెల మధ్య 60 లక్షల తేడా చూపిస్తారు. ఇంకో వాదన, కరోనా తర్వాత జనం అన్నిచోట్లకూ తిరిగొచ్చారని, 2022 సీజనే యజమానుల లాకౌట్ వల్ల ఆలస్యంగా మొదలైందని గుర్తుచేస్తుంది. రెండింట్లోనూ నిజం ఉంది. కానీ 2023 టికెట్లు కరోనాకు ముందటి 2019ని కూడా దాటాయి. అందుకే గడియారానికి కొంత పేరు దక్కాలంటాను.

## అసలు టెన్షన్ కేబుల్ తీగ దగ్గర

ఊళ్లే బేస్‌బాల్ బలం అన్నాం కదా. ఆ ఊరిని జట్టుతో కలిపే తీగ స్థానిక స్పోర్ట్స్ ఛానల్. ఇప్పుడు తెగుతున్నది అదే.

ఒక ఊహా నగరం తీసుకుందాం. పది లక్షల ఇళ్లకు కేబుల్ ఉంది. స్పోర్ట్స్ ఛానల్ కోసం ప్రతి ఇంటి బిల్లులో నెలకు 5 డాలర్లు కలుపుతారు, చూసినా చూడకపోయినా. నెలకు 50 లక్షల డాలర్లు. నిజంగా బేస్‌బాల్ చూసే ఇళ్లు లక్షే అనుకుందాం. అంటే చూడని తొమ్మిది లక్షల ఇళ్లు ఆ లక్ష మంది ముచ్చటకు డబ్బు కడుతున్నాయి. జనం కేబుల్ తీసేసి ఓటీటీలకు మారారు. ఇళ్లు ఆరు లక్షలయ్యాయి, ఆదాయం 30 లక్షలకు పడింది. చూసే లక్ష ఇళ్లలో ఒక్కటీ తగ్గలేదు! అయినా ఛానల్ నష్టాల్లో పడింది. పాత ఆదాయం ఆ లక్ష ఇళ్ల నుంచే రాబట్టాలంటే ఒక్కొక్కరి దగ్గర నెలకు 50 డాలర్లు అడగాలి.

దాదాపు ఇదే నిజంగా జరిగింది. 14 ఎంఎల్‌బీ జట్ల ప్రసార హక్కులున్న డైమండ్ స్పోర్ట్స్ గ్రూప్ 2023 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. ఆ మే చివర్లో శాన్‌డియేగో పాడ్రెస్ ప్రసారాలను లీగే చేతుల్లోకి తీసుకోవాల్సి వచ్చింది. అభిమానం తగ్గకుండానే ఆదాయం కూలడం ఎలా సాధ్యమో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది.

దీనికి బ్లాకౌట్ బాధ తోడు. స్థానిక ఛానల్‌కు నష్టం రాకుండా, ఆ ప్రాంతంలో జట్టు మ్యాచ్‌లను లీగ్ స్ట్రీమింగ్ సర్వీసులో ఆపేస్తారు. అయోవా రాష్ట్రంలో ఎంఎల్‌బీ జట్టే లేదు. కానీ చుట్టుపక్కల ఆరు జట్లు అది తమ ప్రాంతమే అని చెప్పుకుంటాయి. డబ్బు కట్టి లీగ్ స్ట్రీమింగ్ తీసుకున్న అయోవా అభిమాని తన దగ్గరి ఆరు జట్లనూ అందులో లైవ్‌గా చూడలేకపోయాడు. చూస్తామంటూ డబ్బు పట్టుకుని నిలబడ్డవాళ్లను వెనక్కి పంపే ఏర్పాటు ఇది. దీన్ని ఏ కోణంలో చూసినా సమర్థించడం నావల్ల కాదు.

లీగ్ జాతీయ టీవీ ఒప్పందాలన్నీ 2028తో ముగుస్తాయి. స్థానిక హక్కులను కూడా కలిపి ఎన్ఎఫ్ఎల్ తరహాలో ఒక మూటగా అమ్మాలన్నది లీగ్ ఆలోచన. పెద్ద నగరాల జట్లకు సొంత ఛానల్ ఆదాయం ఎక్కువ కాబట్టి వాటిని ఒప్పించడం అంత సులువు కాదు.

## ఎవరు ఆడుతున్నారు, ఎవరికి ఎంత

1947లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున ఆడి, ఎంఎల్‌బీలో నల్లజాతివారిపై ఉన్న అడ్డుగోడను బద్దలుకొట్టాడు. 1981 నాటికి ఆటగాళ్లలో నల్లజాతి అమెరికన్లు దాదాపు 19 శాతం. ఇటీవల 6 శాతం దగ్గర ఉన్నారు. ఖర్చుతో కూడిన ప్రైవేటు ట్రావెల్ జట్లలో ఆడితే తప్ప పైకి రాలేని పరిస్థితి ఒక కారణం. మరోవైపు ఆటగాళ్లలో నాలుగో వంతుకు పైగా విదేశాల్లో పుట్టినవాళ్లు. డొమినికన్ రిపబ్లిక్ ఒక్క దేశం నుంచే వంద మంది దాకా ఉంటారు. 2025 మార్చిలో టోక్యోలో డాడ్జర్స్, కబ్స్ ఆడినప్పుడు మొదటి మ్యాచ్‌ను జపాన్‌లో సగటున రెండున్నర కోట్ల మంది చూశారు. అమెరికాలో పోయిన వీక్షకుల స్థానంలో పసిఫిక్ అవతల కొత్తవాళ్లు వచ్చారు.

డబ్బు దగ్గర మళ్లీ రెండు అభిప్రాయాలు. ఒహ్తానీకి డాడ్జర్స్ పదేళ్లకు 70 కోట్ల డాలర్లు రాసింది, హువాన్ సోటోకు మెట్స్ 15 ఏళ్లకు 76.5 కోట్లు. ఎన్ఎఫ్ఎల్‌లో ఉన్నట్టు జీతాల గరిష్ఠ పరిమితి ఇక్కడ లేదు. హద్దు దాటితే లగ్జరీ టాక్స్ కడితే చాలు. 2024లో డాడ్జర్స్ కట్టిన ఆ పన్ను 10 కోట్ల డాలర్లు దాటింది. కొన్ని జట్ల మొత్తం జీతాల బిల్లు అంతకన్నా తక్కువ. చిన్న నగరాల అభిమానికి ఏప్రిల్‌లోనే ఆశ పోతుందని ఒక వాదన. 2015 నుంచి 2024 దాకా పదేళ్లలో ఎనిమిది వేర్వేరు జట్లు కప్పు గెలిచాయి కదా అని రెండోది. ఆటగాళ్లకు, యజమానులకు మధ్య ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1. 1994లో గొడవ పెట్టిన జీతాల పరిమితి మాటే మళ్లీ బల్ల మీదికి వచ్చింది.

## రెండు స్టేడియాలు, మన క్రికెట్

ఒక్క దృశ్యం చూసి తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో డల్లాస్ ప్రాంతంలోని తెలుగువాళ్లకు కళ్లెదుటే ఉంది. గ్రాండ్ ప్రేరీలో 2008లో బేస్‌బాల్ కోసం కట్టిన స్టేడియాన్ని మార్చి, 2023 జులైలో మేజర్ లీగ్ క్రికెట్ మొదలుపెట్టారు. ఆ మ్యాచ్‌లకు వెళ్లినవాళ్లకు బేస్‌బాల్ చోటులో క్రికెట్ వచ్చిందనే అనిపిస్తుంది. కానీ అది చిన్న లీగ్ జట్టు మైదానం. అక్కడికి దగ్గర్లోని ఆర్లింగ్టన్‌లో అదే ఏడాది టెక్సస్ రేంజర్స్ మ్యాచ్‌లకు 25 లక్షల టికెట్లు తెగాయి, జట్టు తొలిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది.

రెండో స్టేడియం కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ కొలీజియం. 1968 నుంచి అథ్లెటిక్స్ జట్టు ఇల్లు. ఆ ఊరికి నాలుగు వరల్డ్ సిరీస్‌లు తెచ్చిన జట్టు. స్టేడియం పాతబడింది, యాజమాన్యం మంచి ఆటగాళ్లను వదిలేసుకుంది, 2023లో లాస్ వేగస్‌కు పోతామని ప్రకటించింది. ఆ ఏడాది మ్యాచ్‌కు సగటున పది వేల మందే వచ్చారు. ఈ అంకె ఒక్కటి చూస్తే ఓక్లాండ్‌లో బేస్‌బాల్‌కు ఆదరణ లేదనే రాసుకుంటాం.

2023 జూన్ 13న అభిమానులు తమలో తాము మాట్లాడుకుని ఒక మామూలు మంగళవారం మ్యాచ్‌కు కలిసి వచ్చారు. రావడం మానేసి కాదు, వచ్చి నిరసన తెలపాలని. 27,759 మంది. "జట్టును అమ్మేయండి" అని మ్యాచ్ పొడుగునా అరిచారు. నిర్ణయం మారలేదు. 2024 సెప్టెంబర్ 26న అక్కడ ఆఖరి మ్యాచ్ జరిగింది, 46,889 మంది వచ్చారు. 2025 జూన్‌లో అదే కొలీజియంలో మేజర్ లీగ్ క్రికెట్ సీజన్ మొదలైంది. మొదటి మ్యాచ్‌లోనే ఫిన్ అలెన్ 19 సిక్సర్లు కొట్టాడు.

అథ్లెటిక్స్ ఇప్పుడు శాక్రమెంటో పక్కన ఒక చిన్న లీగ్ మైదానంలో ఆడుతోంది. ఓక్లాండ్‌లో ఆఖరి మ్యాచ్ అయ్యాక చాలామంది సీట్లలోంచి లేవకుండా చాలాసేపు కూర్చున్నారు. కొందరు గుర్తుగా మైదానం మట్టి తీసుకుని ఇంటికి వెళ్లారు.